జనం దొరకట్లేదా, దొరికినవాళ్ళు నిలబడట్లేదా?

ఒడిశా గంజాం జిల్లా బరంపురంలో ఏ హోటల్ కౌంటర్ దగ్గర నిలబడినా ఒకటే పాట: "జనం దొరకట్లేదండీ." బట్టల షాపులోనూ అదే, నర్సింగ్ హోమ్‌లోనూ అదే. సరే, నిరుడు ఎంతమందిని పెట్టుకున్నారు, ఎంతమంది మానేశారు అని అడిగి చూడండి. ఒక్కరూ చెప్పలేరు. హాజరు పుస్తకం జీతాలు కొయ్యడానికి తప్ప ఎవరూ తెరవరు మరి.

నిరుద్యోగ రేటు చూసి మన దగ్గర పనుల పరిస్థితి తేల్చేద్దామనేవాళ్ళకో మాట. ప్రభుత్వ శ్రామిక సర్వేలో వారం లెక్క ప్రకారం, ఆ వారంలో ఏదో ఒకరోజు ఒక్క గంట పనిచేసినా ఉపాధి ఉన్నట్టే. పైగా గంజాం కుర్రాడు పని లేకపోతే అరుగు మీద కూర్చోడు, సూరత్ రైలెక్కుతాడు. ఇలాంటి చోట నిరుద్యోగం కంటే మానేసేవాళ్ళ రేటే ఎక్కువ విషయం చెబుతుంది. ఇంకోచోట దొరుకుతుందన్న ధైర్యం లేనిదే ఎవడూ చేతిలో పని వదలడు.

అమెరికా కార్మిక గణాంక సంస్థ 2000 డిసెంబరు నుంచి దీన్ని నెలనెలా కొలుస్తోంది. తనంతట మానేసినవాళ్ళు, యజమాని తీసేసినవాళ్ళు, ఇతరులు (రిటైరైనవాళ్ళు, చనిపోయినవాళ్ళు, బదిలీపై వెళ్ళినవాళ్ళు) అని మూడు గళ్ళు. కీలకమంతా ఈ విభజనలోనే ఉంది. కోవిడ్ దెబ్బకి 2020లో తీసివేతలు ఆకాశానికెళ్తే మానేయడాలు పడిపోయాయి. 2021 నవంబరులో దాదాపు 45 లక్షలమంది తమంతట తామే మానేశారు. మూడు గళ్ళనీ కలిపి ఒకే అంకె వేస్తే తమంతట వెళ్ళిందెందరో, తీసేసిందెందరినో తెలియకుండా పోతుంది.

మన హోటల్లో ఇది ఎలా వెయ్యాలి? ఏడాది సగటున 20 మంది, వెళ్ళినవాళ్ళు 12 మంది అనుకుందాం. 12ని 20తో భాగించి వందతో గుణిస్తే 60 శాతం. షావుకారు గుండె ఝల్లుమంటుంది. కానీ ఆ 12 మందీ రెండు క్లీనర్ పోస్టుల్లోంచే వెళ్ళారేమో చూడాలి. ఆరేసి సార్లు ఖాళీ అయినవి ఆ రెండే అయితే మిగతా 18 మందీ కదల్లేదన్నమాట. అప్పుడు చూడాల్సింది గిన్నెల తొట్టి దగ్గర: పొద్దున 5కి మొదలు, మధ్యాహ్నం మూడు గంటలు ఖాళీ, మళ్ళీ రాత్రి 11 దాకా. ఆ మూడు గంటలకి జీతం లేదు, ఇంటికెళ్ళొచ్చే వ్యవధీ ఉండదు. అందుకే వెళ్ళిన రేటు పక్కన, ఏడాది దాటి ఉన్నవాళ్ళు ఎంత శాతమో కూడా రాయండి.

అసలు చిక్కు "ఊరెళ్ళొస్తా" అని వెళ్ళి రానివాడితో. పేరు కొట్టెయ్యరు, కొత్తవాణ్ణి పెట్టేస్తారు, పుస్తకంలో ఇద్దరూ ఉంటారు. తర్వాతి జీతాల రోజు దాకా ఆగి, రాకపోతే మానేసినట్టు రాయండి. తేదీ మాత్రం చివరిసారి పనిచేసిన రోజుదే వెయ్యాలి. మళ్ళీ వస్తే కొత్తగా చేరినట్టే, పాత గీత చెరపొద్దు. ఒడియావాళ్ళు జూన్‌లో రజో పండక్కి వెళ్తారు, ఇచ్ఛాపురం వైపువాళ్ళు సంక్రాంతికి. కాబట్టి జూన్‌ని మేతో పోల్చకూడదు, నిరుటి జూన్‌తోనే పోల్చాలి. బరంపురం అమ్మవారి జాతర, ఠాకురాణి యాత్ర జరిగే ఏడాదైతే అదీ చెల్లదు. అది రెండేళ్ళకోసారి కదా, ఆ నెలల్ని రెండేళ్ళ కిందటి వాటితో పోల్చాలి. యాత్రకి తెచ్చిన తాత్కాలికపు మనుషులు వెళ్ళిపోతే తీసివేత గడిలో వెయ్యండి, మానేసినట్టు కాదు.

"పీఎఫ్ లెక్కలున్నాయి కదా" అంటారు కొందరు. ఉన్నాయి, ఎంతమంది చేరారు, ఎంతమంది బయటికెళ్ళారు అని 2018 నుంచి ప్రతి నెలా వస్తున్నాయి. అయితే పీఎఫ్ తప్పనిసరి అయ్యేది 20 మంది ఉంటేనే. మన టిఫిన్ హోటళ్ళలో ఎన్నింటికి అంత బలగం? ఆసుపత్రిలో హౌస్‌కీపింగ్ కాంట్రాక్టు చేతులు మారితే 40 మంది బయటికి పోయినట్టు, 40 మంది చేరినట్టు కనబడొచ్చు. ఆ వార్డు ఊడ్చేది మాత్రం అదే ఆయా. కార్మిక శాఖ 2021లో మొదలుపెట్టిన త్రైమాసిక సర్వేలో హోటళ్ళనీ చేర్చారు, కానీ అది పదిమందీ అంతకు పైన ఉన్న చోట్లకే.

ఇక "మా దగ్గర ఏళ్ళ తరబడి ఒక్కడూ మానలేదు" అని మీసం తిప్పేవాళ్ళు. వాళ్ళ హాజరు పుస్తకంతో పాటు అడ్వాన్స్ ఖాతా కూడా అడగండి. కూతురి పెళ్ళికి తీసుకున్న అప్పు నెలనెలా జీతంలో కోత పడుతుంటే దోసె మాస్టర్ ఎక్కడికి పోతాడు? ఒక నెల జీతం షావుకారు దగ్గరే పట్టి ఉంచినా అంతే. అడ్వాన్స్ ఉన్నవాళ్ళనీ లేనివాళ్ళనీ వేరు చేసి రెండు రేట్లు వెయ్యండి. అప్పు తీరిన మూడు నెలల్లోపు ఎంతమంది వెళ్ళారో ఇంకో గడి పెట్టండి. ముందు ఆ గడి నింపి చూపించి, తర్వాత మీసం సంగతి చూద్దాం.