అఫ్గాన్ సైన్యాన్ని బలహీనపరిచింది ఎవరు?

2021 ఆగస్టు 6న జరంజ్ పట్టణం తాలిబన్ల వశమైంది. ఆ తర్వాత తొమ్మిది రోజులకే కాబూల్ కూడా వారి చేతికి చిక్కింది. కాగితాల మీద సుమారు మూడు లక్షల మంది ఉన్న భద్రతా బలగాలు అంత వేగంగా కుప్పకూలడానికి వాషింగ్టన్ చెప్పిన కారణం ఒక్కటే: అఫ్గాన్లు పోరాడటానికి సిద్ధంగా లేరని. కానీ తాను అధ్యక్షుడైన 2014 నుంచి 45 వేల మందికి పైగా భద్రతా సిబ్బంది ప్రాణాలు కోల్పోయారని అష్రఫ్ ఘనీ 2019 జనవరిలోనే వెల్లడించారు. ఇరవై ఏళ్ల యుద్ధంలో అమెరికా కోల్పోయిన సైనికులు సుమారు 2,400 మంది. అన్ని వేల మందిని బలి ఇచ్చిన సైన్యాన్ని పిరికిదనడం అన్యాయమే కాక, అసలు ప్రశ్నను దాటవేయడం కూడా.

స్థానిక సైన్యం బలహీనంగా ఉందన్న సాకుతోనే విదేశీ సేనలను మోహరిస్తారు, సరిపోవడం లేదంటూ ఆ సంఖ్యను పెంచుతారు. ఆ మోహరింపే బలహీనతను పెంచి పోషిస్తుందన్నది మాత్రం లెక్కలోకి రాదు. ఒబామా 2009 డిసెంబరులో అదనంగా 30 వేల మందిని ప్రకటించాక అమెరికా బలగం లక్షకు చేరింది. దాడి ఎక్కడ చేయాలో నిర్ణయించడం, గగనతలం నుంచి దన్ను ఇవ్వడం, గాయపడినవారిని తరలించడం, సరఫరాలు చేరవేయడం చాలా వరకు విదేశీయుల చేతుల్లోనే ఉండిపోయాయి. అఫ్గాన్ సైనికుడికి తుపాకీ, యూనిఫారం దక్కాయి గానీ యుద్ధం నడిపే అనుభవం అతని అధికారులకు దక్కలేదు.

హెలికాప్టర్ల సంగతి చూస్తే ఇది బాగా తెలుస్తుంది. అఫ్గాన్ మెకానిక్‌లకు రష్యన్ తయారీ ఎంఐ-17లు దశాబ్దాలుగా అలవాటు. వాటి మరమ్మతులు చాలావరకు వారే చేసుకోగలిగేవారు. అమెరికా వాటి స్థానంలో తమ బ్లాక్‌హాక్‌లను తెచ్చిపెట్టింది. వాటి నిర్వహణ విదేశీ కాంట్రాక్టర్లు లేనిదే సాగదు. 2021లో సేనలతో పాటు ఆ కాంట్రాక్టర్లూ వెళ్లిపోవడంతో విమానాలు ఒక్కొక్కటిగా నేలకు పరిమితమయ్యాయి. రోడ్డు మార్గం తెగిపోయిన కొండ ప్రాంతపు శిబిరానికి తిండి, తూటాలు అందాలంటే హెలికాప్టరే దిక్కు. అది రాదని తెలిశాక లొంగిపోయిన సిపాయిని తప్పుపట్టడం నాకు సాధ్యం కాదు.

కాబూల్ పాలకులు నిర్దోషులని దీని అర్థం కాదు. ఉపాధి హామీ పనుల్లోని దొంగ మస్టర్ల మాదిరిగానే, శిబిరంలో లేని సైనికుల పేర్లతో జీతాలు కాజేసిన అధికారుల సంగతిని అమెరికా సొంత తనిఖీ సంస్థ సిగార్ పదేపదే బయటపెట్టింది. మరోవైపు, అఫ్గాన్ ప్రభుత్వానికి చోటే లేకుండా 2020 ఫిబ్రవరి 29న దోహాలో అమెరికా, తాలిబన్ల మధ్య ఒప్పందం కుదిరింది. ఆ ప్రభుత్వపు జైళ్లలోని 5,000 మంది వరకు తాలిబన్ ఖైదీలను విడుదల చేయాలన్నది అందులోని షరతు. తమ తలరాతను ఇతరులు రాస్తున్నారని అప్పుడే గ్రహించిన సైనికులకు, స్థానిక కమాండరుకు ముందుగా చెప్పకుండానే 2021 జులై మొదట్లో అమెరికా సేనలు బగ్రామ్ వైమానిక స్థావరాన్ని రాత్రివేళ ఖాళీ చేయడం కొత్త ఆశలేమీ ఇవ్వలేదు.

ఇంతకుముందు ఇదే నేల మీద సోవియట్ సేనలు తొమ్మిదేళ్లకు పైగా ఉన్నాయి. అవి రాకముందే, 1979 మార్చిలో హెరాత్‌లోని అఫ్గాన్ సైన్యపు 17వ డివిజన్ తమ ప్రభుత్వంపైనే తిరగబడింది. ఆక్రమణ తర్వాత సైన్యం నుంచి పారిపోయేవారు మరింత పెరిగి, లక్షకు దగ్గరగా ఉన్న సంఖ్య సగానికన్నా తక్కువకు పడిపోయింది. సోవియట్లు ఆదర్శమని చెప్పలేం. వారి యుద్ధంలో చనిపోయిన పౌరులు లక్షల్లో ఉన్నారు. అయినా 1989 ఫిబ్రవరి 15న చివరి సోవియట్ దళం సరిహద్దులోని అము నది దాటాక, మాస్కో అండ ఉన్న అఫ్గాన్ అధ్యక్షుడు నజీబుల్లా సైన్యం కొన్ని వారాల్లోనే జలాలాబాద్ ముట్టడిని ఎదుర్కొని నిలిచింది. దళాలు వెళ్లిపోయినా మాస్కో నుంచి ఇంధనం, ఆయుధాలు, డబ్బు ఆగకపోవడమే ఆ తేడాకు ప్రధాన కారణం. సోవియట్ యూనియన్ కూలి, 1992 ఆరంభంలో ఆ సాయం ఆగిపోగానే అప్పటిదాకా నజీబుల్లా పక్షాన ఉన్న దోస్తుమ్ మిలీషియా గోడ దూకింది. ఏప్రిల్‌లో ప్రభుత్వం పడిపోయింది. మాస్కో తన సైన్యాన్ని మాత్రమే వెనక్కి తీసుకున్నప్పుడు నజీబుల్లా మూడేళ్లు నెగ్గుకొచ్చారు. అమెరికా మెకానిక్‌లను సైతం తీసుకుపోయాక ఘనీ ప్రభుత్వం ఆ వేసవిని కూడా దాటలేకపోయింది.