రెండో గొంతు మోసిన బరువు: చార్లీ హేడెన్

అమెరికన్ జాజ్ బేస్ వాద్యగాడు చార్లీ హేడెన్‌ని ఫోన్ స్పీకర్‌లో వింటే విననట్టే లెక్క. నేను మొదట చేసిన పొరపాటు అదే. శాక్సఫోన్ వాద్యగాడు ఆర్నెట్ కోల్‌మన్ 1959 ఆల్బమ్ 'ది షేప్ ఆఫ్ జాజ్ టు కమ్' పెట్టుకుని, శాక్సఫోన్, ట్రంపెట్ ఒకదాని మీద ఒకటి అరుచుకుంటున్నట్టు అనిపించి పది నిమిషాల్లో ఆపేశాను. హేడెన్ వాయించే డబుల్ బేస్, అంటే నిలబెట్టి వాయించే పెద్ద తీగ వాద్యం, దాని అన్నిటికన్నా మంద్రమైన తీగ సెకనుకు 41 కంపనాల దగ్గర మోగుతుంది. అరచేతిలో పట్టే స్పీకర్‌కి ఆ లోతు పలకదు. కొన్నేళ్ల తర్వాత మంచి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని అదే ఆల్బమ్‌లో మొదటి పాట, 'లోన్లీ వుమన్' మళ్లీ విన్నాను. నేను విన్న పాటేనా ఇది అనిపించింది.

డ్రమ్స్ మీద బిల్లీ హిగ్గిన్స్ పరుగు పెడుతుంటాడు. హేడెన్ ఆ పరుగులో కలవడు. ఒక తీగను శ్రుతిలా మోగనిస్తూ, దాని పక్క తీగ మీద నెమ్మదిగా స్వరాలు కదుపుతాడు. తంబుర విని పెరిగిన చెవికి ఆ మొదటి క్షణాల్లోనే ఏదో తెలిసిన ఇంటికి వచ్చినట్టుంటుంది. ఆ తర్వాత ఆర్నెట్, ట్రంపెట్ వాయించే డాన్ చెర్రీ కలిసి ఏడుపులాంటి ఆ పాటని ఎత్తుకుంటారు. వాళ్ల నడక డ్రమ్స్ నడకా కాదు, బేస్ నడకా కాదు. మూడు కాలాలు ఒకేసారి నడుస్తున్నా పాట చెదరదు. మధ్యలో ఆ బేస్‌ని ఒక్కసారి తీసేసి ఊహించుకోండి, ఎవరి దారిన వాళ్లు పోతారు.

1959 నవంబరులో ఈ నలుగురూ న్యూయార్క్ 'ఫైవ్ స్పాట్' క్లబ్‌లో దిగాక జరిగిన రభస జాజ్ వినేవాళ్లందరికీ తెలిసిందే. ఆర్నెట్‌ని కొందరు మేధావి అన్నారు, కొందరు మోసం అన్నారు. వాదనంతా ఆర్నెట్ చేతిలోని తెల్లటి ప్లాస్టిక్ శాక్సఫోన్ చుట్టూనే తిరిగింది. వెనక నిలబడ్డ 22 ఏళ్ల కుర్రాడు ఏం చేస్తున్నాడో పట్టించుకున్నవాళ్లు తక్కువ. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే: 'ఫ్రీ జాజ్' అని లోకం పిలిచిన ఆ స్వేచ్ఛ నిలబడింది ఆ కుర్రాడి చెవుల మీద.

ఎలాగంటే, అంతకుముందు జాజ్‌లో పాటకి కార్డుల (ఒకేసారి మోగే స్వరాల గుంపుల) వరస ముందే ఖాయమై ఉండేది. సోలో వాయించేవాడు ఎంత ఎగిరినా ఆ వరస మీదే దిగాలి. బేస్ వాయించేవాడికి అది రోడ్డు మ్యాప్ లాంటిది, నాలుగు దెబ్బలకి నాలుగు అడుగులు వేసుకుంటూ పోవచ్చు. ఆర్నెట్ ఆ మ్యాప్‌ని చింపేశాడు. శాక్సఫోన్ వాయించేవాడికి అది స్వేచ్ఛ. మరి బేస్ వాయించేవాడికి? తర్వాతి అడుగు ఎక్కడ వేయాలో తెలియదు. ఆర్నెట్ ఏ శ్రుతిలోకి దూకుతాడో ఆ క్షణంలో వినాలి, విన్న క్షణంలోనే కింద నేల పరవాలి. ఆర్నెట్ వాయించేది వింటూ అక్కడికక్కడే కొత్త కార్డులు అల్లుకుంటూ పోయేవాణ్నని హేడెన్ తర్వాత చెప్పుకున్నాడు. నియమాలు పోయాయని అందరూ అనుకున్న చోట, ఒక మనిషి మీద మాత్రం రెట్టింపు బాధ్యత పడింది.

ఆ చెవి కాలేజీలో వచ్చింది కాదు. 1937 ఆగస్టు 6న అయోవా రాష్ట్రంలోని షెనాండో అనే చిన్న ఊళ్లో పుట్టాడు హేడెన్. ఇంటిల్లిపాదీ రేడియోలో కంట్రీ పాటలు పాడే కుటుంబం. తల్లి ఒళ్లో వేసుకుని జోల పాడుతుంటే, రెండేళ్లు కూడా నిండని పిల్లాడు ఆమె పాటకి తోడుగా రెండో గొంతు అందుకున్నాడట. గమనించండి, అమ్మ పాడిందే తిరిగి పాడలేదు. దాని కింద నప్పే మరో వరస పట్టుకున్నాడు. అప్పటి నుంచి 'కౌబాయ్ చార్లీ' పేరుతో ఆ కుటుంబం రేడియో కార్యక్రమంలో పాడుతూనే పెరిగాడు. 15వ ఏట పోలియో వచ్చింది. గొంతు కండరాలు దెబ్బతిన్నాయి. పాట పోయింది.

ఇక్కడ నేను కాస్త ఆగాలి. చాలామంది ఈ సంగతిని రెండు ముక్కల్లో చెప్పేసి, లాస్ ఏంజెలెస్‌లోని అతని జాజ్ జీవితానికి వెళ్లిపోతారు. నాకైతే హేడెన్ మొత్తం ఇక్కడే ఉన్నాడనిపిస్తుంది. గొంతుతో పాడిన రెండో వరసనే ఆ తర్వాత జీవితమంతా వేళ్లతో పాడాడు. 'చేంజ్ ఆఫ్ ది సెంచరీ' ఆల్బమ్‌లో 'రాంబ్లిన్' వినండి. న్యూయార్క్‌ని కుదిపేసిన ఆధునిక బృందం వాయిస్తోంది. బేస్ సోలో రాగానే హేడెన్ ఏం చేశాడు? చిన్నప్పటి జానపదం 'ఓల్డ్ జో క్లార్క్'ని అందులోకి లాక్కొచ్చాడు. భుజాలు ఊపుకుంటూ పొలం గట్టు మీద నడిచినట్టుంటుంది ఆ సోలో. 1977లో ఇయాన్ డ్యూరీ అనే ఇంగ్లిష్ గాయకుడు ఆ వరసనే తీసుకుని తన రాక్ పాటకి పునాది వేసుకున్నాడు.

హేడెన్‌కి వేగం లేదనీ, వేళ్లు ఆడవనీ, ఎక్కడ చూసినా అవే నాలుగు స్వరాలనీ అనేవాళ్లున్నారు. పోలికకి మరో బేస్ వాద్యగాడు స్కాట్ లఫారోని చూపిస్తారు. లఫారో అసామాన్యుడే, అనుమానం లేదు. ఒకప్పుడు ఇద్దరూ ఒకే గదిలో ఉన్న స్నేహితులు కూడా. లఫారో 1961 జులైలో 25 ఏళ్లకే కారు ప్రమాదంలో పోయాడు. కానీ ఈ పోలికకి జవాబు వెతకడానికి దూరం వెళ్లనక్కర్లేదు. 1960 డిసెంబరులో ఆర్నెట్ రికార్డు చేసిన 'ఫ్రీ జాజ్'లో రెండు నాలుగేసి మంది బృందాలు, 37 నిమిషాల పాటు, ఏకబిగిన వాయిస్తాయి. ఎడమ చెవిలో లఫారో, కుడి చెవిలో హేడెన్. లఫారో పైకి పాకుతూ, గిటార్‌లా స్వరాలు చిలకరిస్తాడు. హేడెన్ కిందే ఉంటాడు. ఒక స్వరం వేసి, అది పూర్తిగా పండే దాకా ఆగుతాడు. జంతువుల పేగుతో చేసిన తీగల మీద ఇష్టం ఉన్నవాడు కాబట్టి ఆ స్వరంలో లోహపు మెరుపు ఉండదు, చెక్క వాసన ఉంటుంది. కుడి వైపు హెడ్‌ఫోన్ తీసేసి రెండు నిమిషాలు విని చూడండి. కాళ్ల కింద నేల తగ్గినట్టుంటుంది.

ఇంతగా ఇతరుల్ని వినడం అలవాటైన మనిషి, సంగీతం బయట కూడా చెవులు మూసుకోలేకపోయాడు. వియత్నాం యుద్ధం రగులుతుండగా, 1969లో స్వరకర్త కార్లా బ్లే తోడుగా 'లిబరేషన్ మ్యూజిక్ ఆర్కెస్ట్రా' కట్టి, స్పెయిన్ అంతర్యుద్ధం నాటి పాటల్ని జాజ్‌లోకి తెచ్చాడు. 1971 నవంబరు 20న ఆర్నెట్ బృందంతో పోర్చుగల్‌లోని కష్కైష్‌లో వాయిస్తూ, మైకు దగ్గరికి వెళ్లి తన 'సాంగ్ ఫర్ చే'ని మొజాంబిక్, అంగోలా, గినీ-బిసావు విముక్తి ఉద్యమాలకి అంకితం చేశాడు. నియంతృత్వం ఏలుతున్న దేశంలో, ఆ నియంతృత్వమే అణచివేస్తున్న వలస దేశాల పేర్లు! జనం కేకలతో హాలు హోరెత్తింది. మర్నాడు లిస్బన్ విమానాశ్రయంలో రాజకీయ పోలీసులు పట్టుకుపోయి గంటల తరబడి ప్రశ్నించారు. అమెరికా ఎంబసీ కలగజేసుకున్నాక బయటపడ్డాడు. మూడేళ్లు తిరక్కుండానే, 1974 ఏప్రిల్ 25న ఆ నియంతృత్వం కూలింది. ఆ రాత్రి మైకు దగ్గరికి వెళ్లింది బృంద నాయకుడు కాదు. వెనక వరసలో ఉండే బేస్ వాద్యగాడు.

వెనక వరస అన్నాను కదా, నన్ను ఎప్పటి నుంచో తొలిచే విషయం అదే. మన సభల్లో తని ఆవర్తనం మొదలవగానే కుర్చీల చప్పుడు వినపడుతుంది. గంటన్నర పాటు గాయకుణ్ని మోసిన మృదంగం తన మాట చెప్పుకునే ఆ పది నిమిషాల్లోనే మనకి కాంటీన్ గుర్తొస్తుంది. జాజ్ క్లబ్బుల్లోనూ అంతే, బేస్ సోలో రాగానే బల్లల దగ్గర కబుర్లు మొదలవుతాయి. సినిమా పాటల సంగతి ఇంకా ఘోరం. రాసినవాళ్లు, పాడినవాళ్లు, బాణీ కట్టినవాళ్లు మనకి కంఠతా వచ్చు. ఆ పాటలో మన గుండెని మెలిపెట్టే ఫ్లూట్ ఎవరిది, చరణం కింద పాకే బేస్ ఎవరిది? పాత రికార్డుల అట్టల మీద వెతికితే సాధారణంగా దొరకదు. ఈరోజు యాప్‌లలోనూ చాలా పాటలకి ఆ వివరం లేదు. జాజ్ లోకంలో కనీసం ఆల్బమ్ వెనక ప్రతి వాద్యగాడి పేరూ అచ్చేసే అలవాటుంది. హేడెన్ అనే మనిషి ఉన్నాడని నాకు తెలిసింది ఆ అలవాటు వల్లే. మన దగ్గర అలాంటి హేడెన్లు ఎంతమంది పేరు లేకుండా వెళ్లిపోయారో తలుచుకుంటే కడుపు మండుతుంది. పక్కవాద్యం అనే మాటలోని 'పక్క'ని మనం తక్కువ అని చదువుకున్నాం. ఇప్పటికైనా మన రికార్డింగ్ కంపెనీలు, యాప్‌లు ప్రతి పాట కింద వాయించినవాళ్లందరి పేర్లూ వేసి తీరాలి. దానికి ఖర్చేమీ లేదు, నాలుగు వరసలు టైపు చేయడమే.

హేడెన్‌తో పరిచయం లేనివాళ్లు ఫ్రీ జాజ్‌తో మొదలుపెట్టి బెదిరిపోవద్దు. పాట్ మెథెనీ గిటార్‌తో కలిసి 1997లో వచ్చిన 'బియాండ్ ది మిసోరీ స్కై'తో మొదలుపెట్టండి. ఇద్దరే ఉంటారు, రాత్రి పూట అరుగు మీద కూర్చుని మాట్లాడుకుంటున్నట్టు ఉంటుంది.

చివరి సంవత్సరాలు హేడెన్‌కి కష్టంగా గడిచాయి. ఇంత విన్న చెవులని ఆగని రొద పట్టింది, డ్రమ్స్ చప్పుడు తట్టుకోలేక మధ్యలో పారదర్శకమైన అడ్డు పెట్టించుకుని వాయించాడు. కుర్రతనంలో వచ్చిన పోలియో ముసలితనంలో మళ్లీ వెంటాడింది. 2014 జులై 11న, 76వ ఏట లాస్ ఏంజెలెస్‌లో కన్నుమూశాడు. అంతకు ఆరేళ్ల ముందు, 2008లో, భార్యనీ కొడుకునీ కవలలైన ముగ్గురు కూతుళ్లనీ కూడగట్టుకుని 'రాంబ్లింగ్ బాయ్' అనే కంట్రీ పాటల ఆల్బమ్ చేశాడు. అందులో ఆఖరి పాట 'ఓ షెనాండో', తను పుట్టిన ఊరి పేరున్న పాట. దాన్ని ఎవరి చేతా పాడించలేదు. పదిహేనేళ్లప్పుడు పోయిన గొంతుతో, గాలి ఎక్కువ, నాదం తక్కువగా, తనే పాడాడు.