సవరణ: బ్లాష్కాల గాజు సముద్ర జీవుల గురించి

పంతొమ్మిదో శతాబ్దపు గాజు కళాకారులు బ్లాష్కా తండ్రీకొడుకులు చేసిన గాజు జెల్లీఫిష్‌ల మీద పెట్టిన పోస్టులో "ఇవి నూటికి నూరు పాళ్లూ గాజే, కొలిమి దగ్గర ఊది చేసినవి" అని రాశాను. రెండూ తప్పే, సరిచూసుకోకుండా రాసేశాను.

తండ్రి లియోపోల్డ్, కొడుకు రుడాల్ఫ్ జర్మనీలోని డ్రెస్డెన్ దగ్గర తమ వర్క్‌షాపులో గాజు కడ్డీలను, గొట్టాలను బల్ల మీది మంటలో మెత్తబరిచి, లాగి, వంచి ఈ రూపాలు తెచ్చారు. అవసరమైన చోట మాత్రమే ఊదారు. గాజుకు తోడు సన్నటి తీగ, జిగురు, రంగులు, కాగితం కూడా వాడారు. మ్యూజియంలలో వీటిని బాగుచేసే నిపుణుల రాతల్లో ఇదంతా ఉంది. పాతబడ్డ జిగురు పట్టు వదిలేయడం వాళ్లకు పెద్ద తలనొప్పి. ఈ సంగతి తెలిశాక నాకు ఆ బొమ్మల మీద గౌరవం ఇంకా పెరిగింది, ఏమాత్రం తగ్గలేదు.

ఇంకొకటి. "ఆనాటి సముద్రం" అన్న నా మాటను కొందరు "ఈ జీవులన్నీ అంతరించాయి" అని అర్థం చేసుకున్నారు. నా ఉద్దేశం అది కాదు. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయం 1885లో బ్లాష్కాల గాజు నమూనాలు సుమారు 570 కొన్నది. అక్కడి సముద్ర జీవశాస్త్రవేత్త డ్రూ హార్వెల్ వాటికి సాటి వచ్చే బతికున్న జీవుల కోసం సముద్రాల్లో వెతికారు. చాలానే కనిపించాయి. అయితే నీళ్లు వేడెక్కడం, ఆమ్లత పెరగడం వల్ల వాటిలో కొన్నింటికి ముప్పు ఉన్న మాట నిజమే.

పాత పోస్టులో ఆ రెండు వాక్యాలూ మార్చాను.