కడుపునొప్పి వెనక ఏడో ఎక్కం

పిల్లల భయాన్ని "ఏం కాదులే" అని కొట్టిపారేయొద్దంటారు, నిజమండీ. మా చిన్నది మూడో తరగతి. ఆదివారం సున్నుండలు మూడు లాగించేది, సోమవారం పొద్దున్నే కడుపునొప్పి! నాటకాలనుకుని కసిరాను. ఈ వయసులో బెంగ చాలాసార్లు కడుపునొప్పిగా బయటపడుతుంది, నొప్పి మాత్రం నిజమే అన్నారు డాక్టరుగారు. సిగ్గేసింది. రాత్రి పక్కలో మెల్లగా అడిగితే చెప్పింది: ఎక్కాల టెస్టు, ఏడో ఎక్కం దగ్గర తడబడితే అందరూ నవ్వుతారట.

ఇప్పుడు వేడి పాలు ఊదినట్టు నెమ్మదిగా ఊదమంటాను. ఊపిరి నిదానంగా వదిలితే గుండెదడ తగ్గుతుంది. ఏడుస్తున్నప్పుడు నేర్పితే వినదు, మామూలుగా ఉన్నప్పుడే ఆటలా నేర్పాలి. మరీ బడికే పోనని మొండికేస్తే మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వ ఫోన్ హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 ఉంది, ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు. మా అత్తగారు మాత్రం ఇప్పటికీ దిష్టి తీస్తూనే ఉన్నారు.