కొండ ఒకటే, క్లియరెన్సులు రెండా?

ఉదయం ఆరింటికి విజయనగరంలో బస్సు. కొండెక్కాక టిఫిను. తొమ్మిదింటికి టీ తోటలో నడక, ఫోటోలు. మధ్యాహ్నం బొంగు చికెన్‌తో భోజనం. ఆపైన గైడు వెంట 'రెయిన్ ఫారెస్ట్'లో రెండు గంటలు. సాయంత్రం గిరిజనుల థింసా నాట్యం చూసి దిగితే రాత్రి తొమ్మిదికల్లా ఇంట్లో ఉండొచ్చు. శృంగవరపుకోట పైకొండల్లో ఇలాంటి ఒక్కరోజు టూరు మొదలెడితే జిల్లా దశ తిరుగుతుందంటూ కొద్దిరోజులుగా నడుస్తున్న హడావుడి పాఠకులకు తెలిసిందే. టీ మొక్క ఒక్కటీ నాటలేదు. పోస్టరు మాత్రం ఫోన్లలో తిరుగుతోంది. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం.

నవ్వుకుని వదిలేసేవాళ్లమే. కానీ ఆ ప్రతిపాదనలో బస్సు దారి గురించి ఒక ముక్క ఉంది. అడవిలో ఉన్న బాటను వెడల్పు చేయాలట. దానికి అనుమతుల ఇబ్బంది ఉండదట. ఎంత తేలిగ్గా అనేశారు! అదే కొండ మీద ఊళ్ల జనం తమకో దారి కావాలని అర్జీ పట్టుకుని దిగిన ప్రతిసారీ వినే జవాబేమిటి? ఫారెస్ట్ క్లియరెన్స్ రాలేదు. ఎన్నికల ముందు అదే జవాబు, ఎన్నికలయ్యాకా అదే జవాబు. తండ్రి విన్న మాటే కొడుకూ వింటున్నాడు.

ఆ జవాబుకు కొండ మీద పడుతున్న శిక్ష పేరు డోలీ. ఒక కర్ర, దానికి కట్టిన దుప్పటి, అందులో నొప్పులు పడుతున్న మనిషి. ముందు ఒకరు, వెనక ఒకరు, భుజం మార్చుకోవడానికి పక్కన మరో ఇద్దరు. రాళ్ల మీద కాలు జారకుండా, గెడ్డ పొంగితే నీళ్లు తగ్గేదాకా గట్టున కూర్చుని, చివరికి కింద 108 ఆగినచోటుకు చేరాలి. కొన్ని డోలీలు చేరవు. బిడ్డ దారిలోనే పుడుతుంది, లేదా దారిలోనే పోతుంది. ఈ పత్రిక జిల్లా పేజీల్లో ఆ ఫోటో ఎన్నిసార్లు వేశామో మా దగ్గరే లెక్క లేదు. మోసే మనుషులు మారతారు, పడుకున్న మనిషి మారుతుంది. ఫోటో మాత్రం అదే.

ఇంతకీ ఆ క్లియరెన్స్ అంత కష్టమైనదా? కాదు. 2006 అటవీ హక్కుల చట్టంలో సెక్షన్ 3(2) చదివితే చాలు. బడి, అంగన్‌వాడీ, ఆస్పత్రి, మంచినీటి పైపులు, కరెంటు లైను, రోడ్డు వంటి 13 రకాల పనులకు ఒక్కోదానికి హెక్టారు లోపు అటవీ భూమి ఇవ్వొచ్చు. హెక్టారుకు 75 చెట్లకు మించి కొట్టకూడదు. గ్రామసభ సిఫారసు ఉండాలి. ఫైలు ఢిల్లీ దాకా పోనక్కర్లేదు. ఊరికి దారి వేయదలచుకున్న అధికారికి ఇది చాలు, వేయదలచుకోనివాడికి ఏ చట్టమూ చాలదు. ఇంకో సంగతి కూడా గమనించాలి. ఆ 13 పనుల జాబితాలో వ్యూపాయింట్ లేదు. పార్కింగ్ లేదు. రిసార్టు అసలే లేదు. అంటే చట్టం ఎవరికి సులువు చేసిందో వాళ్లకు క్లియరెన్స్ రాదు. చట్టంలో ఊసే లేనివాళ్లకు ఇబ్బంది ఉండదు. తల్లికి తిండి పెట్టనివాడు పినతల్లికి బంగారు గాజులు చేయిస్తానన్నాడట.

పర్యాటకంతో నాలుగు డబ్బులు కొండెక్కుతాయని, అక్కడి కుర్రాళ్లకు పని దొరుకుతుందని అంటున్నారు. ఆ మాటను కొట్టిపారేయం. మా ఆదివారం అనుబంధంలో అనంతగిరి ఘాట్ మంచు గురించి, కాఫీ తోటల గురించి మేమూ మురిసిపోతూ రాశాం. కానీ పని అంటే ఏ పని? మైకు పట్టుకునే గైడు పట్నం నుంచి వస్తాడు. బస్సు పట్నానిది, టిక్కెట్టు డబ్బు పట్నానికి. కొండ కుర్రాడికి మిగిలేది కార్లు వెనక్కి తీయించడం, ప్లాస్టిక్ సీసాలు ఏరడం. దానికి ఉపాధి అని పేరు.

అసలు పోస్టరులో ఉన్న టీ తోట, రెయిన్ ఫారెస్ట్ రెండూ మన కొండల్లో లేనివే. మున్నార్‌లోనో, మలేసియా కేమరన్ హైలాండ్స్‌లోనో ఇలాంటి టూరు ఉంది, బాగానే నడుస్తుంది. 1885లో సర్వేకు వచ్చిన విలియం కేమరన్ పేరు పెట్టుకున్న ఆ కొండల్లో 1929 నుంచి టీ ఎస్టేట్లు ఉన్నాయి. పొద్దున జీపులో తీసుకెళ్లి, దువ్విన తలలాంటి టీ వాలు చూపించి, ఫ్యాక్టరీలో ఆకు వాడబెట్టి నలిపి ఆరబెట్టే పద్ధతి వివరించి, అక్కడి నుంచి రెండు వేల మీటర్ల ఎత్తున బ్రించాంగ్ కొండ మీద నాచుపట్టిన అడవిలో చెక్కబాట మీద నడిపిస్తారు. ఆ అడవిలో ఏడాదంతా మబ్బు తడి ఉంటుంది, చెట్టు మానులన్నీ నాచే. మన అడవి అలాంటిది కాదు. మాఘం దాటితే ఆకు రాల్చి, వానకు మళ్లీ చిగురించే అడవి మనది. అడ్డాకులు, కొండ చీపుర్లు, చింతపండు ఇచ్చే అడవి. గట్టు దాటితే సిల్వర్ ఓక్ నీడన కాఫీ, ఆ చెట్లకు పాకిన మిరియాలు. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అదేమీ చిన్న గౌరవం కాదు. ఉన్నదాన్ని చూపించడానికి నామోషీ దేనికి? లేని టీ తోట నాటడానికి ఎవరి పోడు తీస్తారు? ఆ తీసే భూమికి క్లియరెన్స్ ఎవరిస్తారు?

టీ ఉన్న కొండలైనా సుఖంగా ఉన్నాయా అంటే అదీ లేదు. బళ్ల రద్దీకి నీలగిరి, కొడైకెనాల్ ఉక్కిరిబిక్కిరైతే మద్రాసు హైకోర్టు 2024 మే 7 నుంచి ఈ-పాస్ తప్పనిసరి చేసింది. మరుసటి ఏడాది రోజుకు ఇన్ని వాహనాలేనని లెక్క కూడా కట్టింది. నీలగిరికి మామూలు రోజుల్లో 6,000, శనాదివారాల్లో 8,000. అక్కడ తలుపు దగ్గరకు వేస్తున్నారు, ఇక్కడ మనం తలుపు ఊడబీకి పక్కన పెడదామంటున్నాం. 2020 ఆగస్టు 6 రాత్రి మున్నార్ దగ్గర పెట్టిముడిలో కొండ విరిగి టీ కార్మికుల లైను ఇళ్ల మీద పడింది. 70 మంది పోయారు. పచ్చటి వాలు ముందు నిలబడి సెల్ఫీ తీసుకునేవాళ్లకు ఆ లైను ఇళ్లు కనిపించవు. టూరు వాటి ముందు ఆగదు.

టీ తోట అంటే మన కొండలకు కొత్త మాటేం కాదు. ఇక్కడ తోట లేకపోయినా మనుషులు తోటలకు వెళ్లారు. తెల్లదొరల కాలంలో గంజాం, విశాఖ ఏజెన్సీల నుంచి సవర గిరిజనులను అస్సాం తేయాకు తోటలకు కూలీలుగా తీసుకుపోయారు. వాళ్ల మనవలు, మునిమనవలు ఇప్పటికీ అక్కడే ఉన్నారు. ఈ తీరం నుంచి మలయా ఎస్టేట్లకు పోయిన తెలుగువాళ్ల సంతతి మలేసియాలో ఉంది. ఆకు కోయడానికి అంతంత దూరం పోయినవాళ్ల చుట్టాల కొండకే ఇప్పుడు తోట తెస్తామంటున్నారు. తెచ్చి వాళ్లకు ఇచ్చేది మళ్లీ ఆ బుట్టే.

భూమి సంగతి ఇంకా తీవ్రమైనది. 1967 అక్టోబరులో శ్రీకాకుళం ఏజెన్సీలోని లేవిడి దగ్గర ఇద్దరు గిరిజనులు తుపాకీ గుళ్లకు కూలిపోయాక ఈ కొండలు తిరుగుబాటుతో ఎలా మండాయో ఉత్తరాంధ్రలో పెద్దవాళ్లనెవరినడిగినా చెబుతారు. ఆ మంట మధ్యలోంచే 1/70, అంటే 1970 నాటి ఒకటో నంబరు భూ బదలాయింపు నిబంధన వచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరుడికి భూమి దఖలు పడకూడదంది. అనంతగిరి మండలం బొర్రా ప్రాంతంలో గనుల లీజుల మీద సమత అనే స్వచ్ఛంద సంస్థ నడిపిన కేసులో 1997లో సుప్రీంకోర్టు దాన్ని గట్టిపరిచింది. అయితే శృంగవరపుకోట వైపు కొండ ఊళ్లలో చాలావాటికి ఆ రక్షణ లేదు. అవి షెడ్యూల్డ్ జాబితాలో లేవు. చేర్చమని అడుగుతూనే ఉన్నారు. గట్టుకు అవతల చట్టం ఉంది, ఇవతల లేదు. టూరు వాళ్ల కన్ను ఇవతలి వాలు మీదే ఎందుకు పడిందో ఇక విడమరిచి చెప్పాలా?

మాకు అన్నిటికంటే భయం అక్కడే. ఇవాళ ఒక్క బస్సు దారికి క్లియరెన్స్ ఇస్తే రేపు దాన్నే చూపించి పార్కింగ్‌కు అడుగుతారు. ఎల్లుండి కాటేజీలకు. ఇవతల ఇచ్చారు కదా, అవతల ఎందుకివ్వరని నాలుగో రోజున అడుగుతారు. 2025 ఫిబ్రవరిలో పర్యాటకం కోసం 1/70ని సడలించాలన్న మాట వినిపించగానే మన్యం రెండు రోజులు బంద్ పాటించింది. చట్టం జోలికి పోమని ప్రభుత్వం చెప్పాల్సి వచ్చింది. ముందు తలుపు నుంచి రాలేనిది పెరటి దారిన బస్సెక్కి వస్తోంది. ఊరి దారికైతే హెక్టారు దగ్గర, 75 చెట్ల దగ్గర కొలబద్ద పెట్టే వ్యవస్థ, టూరు దారికి ఆ కొలబద్దను ఎక్కడ దాస్తుంది?

శ్రీముఖలింగం దగ్గర పుట్టిన గిడుగు రామమూర్తి సవర పిల్లలకు చదువు చెప్పడం కోసం ముందు తాను సవర భాష నేర్చుకున్నారు. నిఘంటువే రాశారు. ఈ పోస్టరు వేసినవాళ్లు కనీసం ఆ కొండ మీద ఏ ఊళ్లున్నాయో రాయలేదు. పోస్టరులో మంచు ఉంది, టీ కప్పు ఉంది, గొడుగు పట్టుకున్న అమ్మాయి ఉంది. ఊరు లేదు.

టూరు వద్దని మేం అనడం లేదు. ముందు గ్రామసభను అడగండి. అది ఒప్పుకుంటే గైడు ఆ ఊరివాడే కావాలి, బస రేటు ఆ ఊరే పెట్టాలి. గనుల లాభంలో కనీసం 20 శాతం స్థానికుల నిధికి పోవాలని సమత తీర్పు చెప్పింది, టూరు లాభానికీ అదే లెక్క కట్టండి. వీటన్నిటికంటే ముందు, సెక్షన్ 3(2) కింద ఏళ్లుగా మూలుగుతున్న ఊరి దారుల ఫైళ్లు బయటికి తీసి సంతకాలు పెట్టండి. అవి కదలకుండా టూరు ఫైలు ఒక్క టేబుల్ దాటినా అది పర్యాటకం అనిపించుకోదు, పచ్చి మోసం.

జిల్లా దశ మారుస్తామని మైకుల్లో చెబుతున్న పెద్దలకు సిగ్గుంటే ఈ శ్రావణంలో ఒక్కసారి ఆ బాట ఎక్కండి. జీపులో కాదు, కాలినడకన. దిగేటప్పుడు ఏ ఊరి నుంచైనా డోలీ వస్తుంటే ముందు కర్ర కొస మీరు పట్టండి. 108 దగ్గరికి చేరాక టిక్కెట్టు ధర ఎంత పెట్టాలో చెబుదురుగాని.