రక్తంలోని ఆమ్లాన్ని నీళ్లతో కడిగేస్తారట!

ఇప్పుడే మా బంధువుల గ్రూపులో ఒక వీడియో చూశాను. ఒళ్లు ఇంకా మండుతూనే ఉంది. తెల్లకోటు తొడుక్కున్న ఒక మనిషి గాజు గ్లాసులో నీలం రంగు నీళ్లు పెట్టి, ఎదురుగా కూర్చున్న ఒకావిడ చేతికి స్ట్రా ఇచ్చి ఊదమన్నాడు. ఆవిడ ఊదుతున్నకొద్దీ నీలం ఆకుపచ్చకు తిరిగి, చివరికి పసుపైంది. "చూశారా, మీ ఒంట్లో ఎంత ఆమ్లం పేరుకుపోయిందో!" అన్నాడు. ఆవిడ ముఖం పాలిపోయింది. అంతే, క్షార జలం తయారుచేసే యంత్రం తెచ్చి బల్ల మీద పెట్టాడు. మధుమేహం మొదలుకొని క్యాన్సర్ దాకా అన్నిటికీ మూలం రక్తం ఆమ్లంగా మారడమేనట. ఆ నీళ్లు తాగితే అన్నీ పోతాయట.

అది శుద్ధ అబద్ధమని గ్రూపులో నాలుగు ముక్కలు రాశాను. వీడియో పంపిన బాబాయి నుంచి వెంటనే జవాబు వచ్చింది: "అమ్మా, నువ్వు చెప్పేది ల్యాబులో సంగతి. ఇది ప్రాణమున్న శరీరం. కెమిస్ట్రీ లెక్కలు దీనికి వర్తించవు." దాని కింద వరసగా చేతులు జోడించిన బొమ్మలు. వీడియో కన్నా ఈ మాటే నన్ను ఎక్కువ కాల్చింది.

ముందు ఆ గ్లాసు సంగతి చూద్దాం. అందులో కలిపింది బ్రోమోథైమాల్ బ్లూ లాంటి సూచిక అయి ఉంటుంది. పీహెచ్ అంటే ఆమ్లమా క్షారమా అని చెప్పే కొలత; అంకె తగ్గేకొద్దీ ఆమ్లం, పెరిగేకొద్దీ క్షారం. పీహెచ్ 7.6 దాటితే ఆ సూచిక నీలంగా, 6 కన్నా తగ్గితే పసుపుగా, మధ్యలో ఆకుపచ్చగా కనిపిస్తుంది. ఆ గ్లాసులోకి ఎవరు ఊదినా పసుపే వస్తుంది. పసిపిల్లలు ఊదినా, పరుగు పందెంలో పతకం గెలిచినవాళ్లు ఊదినా అంతే. మన ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్ నీటిలో కరిగి కార్బోనిక్ ఆమ్లం అవుతుంది, పీహెచ్ పడిపోతుంది, రంగు మారుతుంది. ఆమ్లం ఒంట్లో పేరుకుపోయిందనడానికి కాదు, ఎప్పటికప్పుడు బయటికి వెళ్లిపోతోందనడానికి అది రుజువు. ఊపిరితిత్తులు తమ పని చక్కగా చేస్తున్నాయని చూపించే పరీక్షను తలకిందులు చేసి, ఆరోగ్యంగా ఉన్న మనిషిని రోగిగా నమ్మించాడు. రంగు మారనప్పుడు కదా మనం భయపడాలి!

ఇక ఆ క్షార జలం. పీహెచ్ 9 ఉన్న నీళ్లనుకుందాం. లీటరు నీటిలో ఉండే హైడ్రాక్సైడ్ అయాన్లు, అంటే క్షార గుణాన్నిచ్చే కణాలు, ఒక మోల్‌లో (రసాయన శాస్త్రంలో కణాలను లెక్కపెట్టే కొలమానం) లక్షో వంతు. పీహెచ్ 2 ఉన్న జీర్ణరసంలో ఆమ్ల గుణాన్నిచ్చే హైడ్రోజన్ అయాన్లు అన్ని ఉండటానికి ఒక్క మిల్లీలీటరు చాలు. అంటే లీటరు నీళ్లలోని హైడ్రాక్సైడ్ అంతా కలిసి కడుపులోని ఒక్క మిల్లీలీటరు ఆమ్లానికి సరిపోతుంది. నీటిలో బైకార్బొనేట్ (వంటసోడాలో ఉండే క్షార అయాను) కరిగి ఉంటే ఇంకాస్త ఆమ్లాన్ని పట్టుకుంటుంది, ఒప్పుకుంటాను. అయినా అది కడుపు దాటి, పేగులు దాటి, రక్తానికి చేరి దాని పీహెచ్ మార్చే ప్రశ్నే లేదు. ఆరోగ్యవంతుల ధమనుల్లో రక్తం పీహెచ్ 7.35 నుంచి 7.45 మధ్యే ఉంటుంది. ఏం తిన్నా, ఏం తాగినా బైకార్బొనేట్, ఊపిరితిత్తులు, మూత్రపిండాలు కలిసి దాన్ని ఆ ఇరుకు హద్దులోనే నిలబెడతాయి. కార్బన్ డయాక్సైడ్ పెరిగితే ఊపిరి క్షణాల్లో వేగం అందుకుంటుంది. మిగిలిన ఆమ్లాన్ని మూత్రపిండాలు గంటల తరబడి, రోజుల తరబడి తోడి మూత్రంలోకి పంపుతాయి. ఇంత ఏర్పాటు మనం పుట్టకముందే ఒంట్లో సిద్ధమై ఉంటే, దాన్ని యంత్రం కొని నిలబెట్టుకోవాలట!

"ప్రాణమున్న శరీరానికి కెమిస్ట్రీ వర్తించదు" అన్నది బాబాయి కొత్తగా కనిపెట్టిన మాట కాదు. రెండు వందల ఏళ్ల కిందట పెద్ద పెద్ద శాస్త్రవేత్తలే అలా అనేవారు. జీవుల్లోని పదార్థాలను తయారుచేయడానికి ఏదో ప్రాణశక్తి కావాలనుకునేవారు. 1828లో ఫ్రెడరిక్ వోలర్ అనే జర్మన్ రసాయన శాస్త్రవేత్త అమ్మోనియం సయనేట్ నుంచి యూరియాను తయారుచేశాడు. మూత్రంలో ఉండే యూరియానే, మూత్రపిండం అవసరమే లేకుండా. తన గురువు బెర్జీలియస్‌కు ఆ సంగతి ఉత్తరం కూడా రాశాడు. అంతకు ముందే, 1780లలో లావోషియే, లాప్లాస్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్తలు ఒక గినీ పందిని మంచు నింపిన పాత్రలో ఉంచి, దాని ఒంటి వేడికి ఎంత మంచు కరిగిందో కొలిచారు. అది విడిచిన కార్బన్ డయాక్సైడ్‌నూ వేడినీ, బొగ్గు మండినప్పుడు వచ్చే కార్బన్ డయాక్సైడ్, వేడి పక్కన పెట్టి చూసి, శ్వాస కూడా ఒక దహనమేనని తేల్చారు. మన ఒంటి బరువులో సుమారు 96 శాతం ఆక్సిజన్, కార్బన్, హైడ్రోజన్, నైట్రోజన్ అనే నాలుగు మూలకాలే. అవి ఒంట్లోకి వచ్చాక తమ స్వభావం మార్చుకోవు. ఆక్సిజన్ హీమోగ్లోబిన్‌లోని ఇనుముకు అంటుకున్నా, కార్బన్ మోనాక్సైడ్ అదే చోటును 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుని మనిషి ప్రాణం తీసినా, అంతా కెమిస్ట్రీయే. విషం తాగితే కెమిస్ట్రీ, మందు వేసుకుంటే కెమిస్ట్రీ, ఊపిరి తీస్తే మాత్రం కాదా?

ఇంతవరకే అయితే నేను ఇంత మండిపడేదాన్ని కాదు. ఆ వీడియో కింద ఒక తల్లి రాసిన ప్రశ్న చూశాను. తన కొడుక్కి టైప్ 1 మధుమేహమట. ఈ నీళ్లు మొదలుపెడితే ఇన్సులిన్ మానేయవచ్చా అని అడిగింది. "క్రమంగా మానేయవచ్చు" అని సమాధానం. దాని పక్కన ఒక పువ్వు బొమ్మ.

ఇన్సులిన్ మానేస్తే ఆ బిడ్డకు ఏమవుతుందో చెబుతాను, వినండి. రక్తంలో గ్లూకోజ్ దండిగా ఉన్నా కణాలు దాన్ని వాడుకోలేవు. కొవ్వు కరగడం మొదలవుతుంది. కాలేయం ఆ కొవ్వు ఆమ్లాలను అసిటోఅసిటిక్ ఆమ్లంగా, బీటా హైడ్రాక్సీబ్యుటిరిక్ ఆమ్లంగా మార్చి రక్తంలోకి వదులుతుంది. వాటిని పట్టుకోవడానికి బైకార్బొనేట్ ఖర్చయిపోతుంది. పీహెచ్ 7.3 కిందికి జారుతుంది. అప్పుడు ఒళ్లంతా కార్బన్ డయాక్సైడ్‌ను బయటికి తోలే పనిలో పడుతుంది. పిల్లవాడు లోతుగా, వేగంగా, ఆపకుండా రొప్పుతుంటాడు, ఊపిరిలో అసిటోన్ వాసన వస్తుంది. ఆ రొప్పును కుస్‌మాల్ అనే జర్మన్ వైద్యుడు 1874లోనే వర్ణించాడు. రక్తం నిజంగా ఆమ్లమవడం అంటే అదీ! అది ఆసుపత్రిలో అత్యవసర విభాగం చూసుకోవలసిన స్థితి. అక్కడ ఇచ్చేది ఇన్సులిన్, సెలైన్, పొటాషియం. పొటాషియం ఎందుకంటే, ఇన్సులిన్ దాన్ని రక్తంలోంచి కణాల్లోకి తోసేస్తుంది. రక్తంలో అది మరీ తగ్గిపోతే గుండె లయ తప్పుతుంది. అందుకే వైద్యులు అయాన్లను పదేపదే కొలుస్తూ మందు సర్దుతారు. ఇంత సున్నితమైన లెక్క ఉన్నచోటికి పువ్వు బొమ్మ పెట్టి "మానేయవచ్చు" అంటాడా! ఆ సమాధానం కింద వైద్యుణ్ణి అడగకుండా ఒక్క మోతాదు కూడా మానవద్దని రాశాను. నా వ్యాఖ్యను తీసేశారు.

నా కోపం ఆ అమ్మేవాడి మీదే అనుకోకండి. అసలు కోపం మాకు పాఠాలు చెప్పిన తీరు మీద. బాబాయి ఇంజినీరింగు చదివినవాడు. బఫర్ ద్రావణాల (పీహెచ్‌ను తేలిగ్గా మారనివ్వని ద్రావణాల) లెక్కలు చేసి మార్కులు తెచ్చుకున్నవాడే. ఆ లెక్కల్లో ఎప్పుడూ అసిటిక్ ఆమ్లం, సోడియం అసిటేట్. బఫర్ పీహెచ్ లెక్కగట్టడానికి హెండర్సన్ సమీకరణం అని బట్టీ పట్టించారు కదా, ఆయన 1908లో దాన్ని కట్టింది రక్తంలోని కార్బోనిక్ ఆమ్లం, బైకార్బొనేట్ల గురించే. తరువాత హాసెల్‌బాల్క్ దాన్ని లాగరిథమ్‌లోకి మార్చి రాసిన పరిశోధన పత్రం శీర్షికలోనే రక్తం ఉంది. రక్తం కోసం పుట్టిన సమీకరణంలోంచి రక్తాన్ని తుడిచేసి పిల్లల చేతికిచ్చారు. అందుకే బాబాయికి ఆ లెక్క ల్యాబుది, ఈ శరీరం వేరేది.

కణాల్లో పనులకు శక్తినందించే అణువు ఏటీపీ సంగతి ఇంకా ఘోరం. కెమిస్ట్రీ గంటలో బంధం తెంచడానికి శక్తి కావాలంటారు. గంట కొట్టాక బయాలజీ తరగతిలో, ఏటీపీలో ఫాస్ఫేట్ బంధం తెగితే శక్తి వస్తుందంటారు. పిల్లలు రెండూ రాసి రెండింటికీ నిండా మార్కులు తెచ్చుకుంటారు. ఇదేమిటని అడిగితే, నా చిన్నప్పుడు వచ్చిన జవాబు "సిలబస్‌లో లేదు, కూర్చో". సమాధానం నిజానికి రెండు వాక్యాలు. ఆ బంధం తెగడానికీ శక్తి పడుతుంది. కానీ నీటితో చర్య జరిగాక ఏర్పడే కొత్త బంధాలు, ఒకదాన్నొకటి నెట్టుకునే రుణావేశాలు విడిపోవడం, నీటి అణువులు వాటి చుట్టూ చేరడం, వీటన్నిటివల్ల మొత్తం మీద మోల్‌కు ప్రామాణిక పరిస్థితుల్లో సుమారు 30 కిలోజౌళ్లు మిగులుతాయి. 1929లో కండరంలో ఏటీపీని గుర్తించినవారిలో మన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. అంతకు ముందే ఆయన, తోటి శాస్త్రవేత్త ఫిస్కే కలిసి ఫాస్ఫరస్‌ను నీలం రంగు గాఢతతో కొలిచే పద్ధతి కనిపెట్టారు. రంగు మార్పును నిజం తెలుసుకోవడానికి వాడినవాళ్లు వాళ్లు. ఆయన పేరు గర్వంగా చెప్పుకుంటాం, ఆయన చేసిన పని మాత్రం ఎవరికీ చెప్పం.

పాఠ్యపుస్తకాలు రాసేవాళ్లకు, ప్రశ్నపత్రాలు తయారుచేసేవాళ్లకు చేతులెత్తి అడుగుతున్నాను. ఈసారి బఫర్ లెక్కలో అసిటిక్ ఆమ్లం తీసేయండి. రక్తంలో బైకార్బొనేట్ లీటరుకు 24 మిల్లీమోల్‌లు, కార్బన్ డయాక్సైడ్ పీడనం 40 మిల్లీమీటర్ల పాదరసం అని ఇవ్వండి. 40ని కార్బన్ డయాక్సైడ్ ఎంత కరుగుతుందో చెప్పే 0.03తో గుణిస్తే 1.2, 24ను 1.2తో భాగిస్తే 20, దాని లాగ్ 1.3, దానికి సమీకరణంలోని స్థిరాంకం 6.1 కలిపితే పీహెచ్ 7.4. తరువాతి ప్రశ్నలో బైకార్బొనేట్‌ను 10కి దించండి. ఈ మనిషి ఎందుకు ఇలా రొప్పుతున్నాడో, నీళ్లు తాగిస్తే ఎందుకు తగ్గదో రాయమనండి. దానికే ఎక్కువ మార్కులు పెట్టండి.