బేకరీ కేకుకి కులం లేదు

డిసెంబర్ మొదటి వారం దాటిందో లేదో ఒంగోలు ట్రంకు రోడ్డులో ఫ్యాన్సీ షాపుల ముందు స్టార్లు వేలాడతాయి. పత్తి గడ్డం తాతలు, ప్లాస్టిక్ చెట్లు, మెరుపు కాగితాలు. కొనేవాళ్లలో సగం మంది క్రైస్తవులు కారు. పిల్లాడు అడిగాడనో, స్కూల్లో తెమ్మన్నారనో, బాల్కనీకి లైటింగ్ బావుంటుందనో కొంటారు. బేకరీల్లో ప్లం కేకు బోర్డు పడుతుంది. మా అపార్టుమెంటులో అసోసియేషన్ వాళ్లు 'సెమీ క్రిస్మస్' పెడతారు.

ఈ సెమీ క్రిస్మస్ అనే మాట తెలుగువాళ్లకే సొంతం అనుకుంటా. సెమీ సంక్రాంతి, సెమీ రంజాన్ ఎక్కడా వినలేదు. అసలు పండగకి ఓ పది రోజుల ముందు, అందరికీ వీలున్న సాయంత్రం చూసుకుని, కేకు కోసి, పాస్టరుగారి చేత నాలుగు మంచి మాటలు చెప్పించి, పిల్లల చేత డాన్సు వేయించి, ఫొటోలు తీసుకుంటారు. స్కూళ్లు, బ్యాంకులు, పార్టీ ఆఫీసులు అన్నిచోట్లా ఇదే వరస. సెమీ అందరిదీ. ఫుల్లు మాత్రం కిరస్తానీలది.

క్రిస్మస్‌కి ఇంకా అర్థం ఉందా, అంతా వ్యాపారం అయిపోయింది కదా అనే చర్చ ఏటా వస్తుంది. అది ఎక్కువగా దిగుమతి చర్చ. ఇంగ్లండ్, వేల్స్‌లో 2021 జనాభా లెక్కల్లో తాము క్రైస్తవులమని చెప్పుకున్నవాళ్లు 46.2 శాతం. సగం కంటే తగ్గడం అదే మొదటిసారి. వాళ్ల గుళ్లు ఖాళీ అవుతుంటే అంగళ్లు నిండుతున్నాయి కాబట్టి వాళ్లకి ఆ బాధ ఉంటుంది. జపాన్ సంగతి ఇంకో చివర. అక్కడ క్రైస్తవులు బహు కొద్దిమంది. 1974లో ఒక ఫ్రైడ్ చికెన్ కంపెనీ చేసిన ప్రచారం పుణ్యమా అని క్రిస్మస్ అంటే వేయించిన కోడి తినే రోజైంది. భక్తులు లేకుండానే పండగ నడుస్తోంది.

మన సంగతి ఈ రెండూ కాదు. 2011 లెక్కల ప్రకారం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో క్రైస్తవులు సుమారు 1.34 శాతం. ఈ అంకె పట్టుకుని డిసెంబర్ 24 రాత్రి ప్రకాశం జిల్లాలో ఏ ఊరికైనా వెళ్లండి. పల్లె, అంటే దళితవాడ, మొత్తం లైట్లు, ప్రతి ఇంటి మీదా స్టారు. నూటికి ఒకరి పండగకి ఇంత వెలుతురు ఎక్కడిది?

జవాబు 1950లో వచ్చిన షెడ్యూల్డు కులాల ఉత్తర్వులో ఉంది. హిందూ మతం కాక వేరే మతంలో ఉన్నవాళ్లు ఎస్సీలు కారని దాని సారాంశం. 1956లో సిక్కులకీ, 1990లో బౌద్ధులకీ సడలింపు వచ్చింది. క్రైస్తవులకీ, ముస్లింలకీ రాలేదు. చర్చికి వెళ్తున్నానని కాగితం మీద రాసిన దళితుడు మన రాష్ట్రంలో బీసీ-సీ అవుతాడు. పదిహేను శాతం రిజర్వేషన్ ఉన్న గుంపులోంచి ఒక్క శాతం ఉన్న గుంపులోకి పోతాడు. ఊళ్లో అతన్ని పిలిచే తీరు మాత్రం వెంట్రుకవాసి మారదు. మతం మారితే కులం పోతుందని నమ్మేది ఆ చట్టం ఒక్కటే అనిపిస్తుంది నాకు. వీధి నమ్మలేదు, పెళ్లి సంబంధాలు నమ్మలేదు, ఆఖరికి చర్చీలు కూడా చాలాచోట్ల నమ్మలేదు. అందుకే కాగితం ఒకటి చెబుతుంది, స్టారు ఇంకోటి చెబుతుంది. దీన్ని మోసం అనేవాళ్లున్నారు. అనేముందు ఆ ఉత్తర్వు ఒకసారి చదివితే మేలు.

వ్యాపారం సంగతికొస్తే, క్రైస్తవం మా జిల్లాలో పాతుకుందే డబ్బు, తిండి లెక్కల మధ్య. అమెరికన్ బాప్టిస్టులు 1840లో నెల్లూరు చేరారు. పాతికేళ్ల పాటు చెప్పుకోదగ్గ ఫలితం లేదు. 1866లో వాళ్ల మిషనరీ క్లౌ దొర ఒంగోలు వచ్చాడు. అదే ఏడు ఎర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ పెద్ద, తోళ్ల వ్యాపారి, బాప్తిస్మం తీసుకున్నాడు. అక్కణ్నుంచి పల్లెలు కదిలాయి. చేరేవాళ్లకి క్లౌ పెట్టిన షరతులు మూడే: ఆదివారం పని చేయకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలకి మొక్కకూడదు. మూడో షరతుతో జాతరలో తప్పెట కొట్టడం ఆగింది. ఊరికి కోపం వచ్చింది దేవుడి విషయంలో కాదు, తప్పెట విషయంలో. కొలువుగా చేయాల్సిన పని మానేశారని. బావుల దగ్గర, పొలాల దగ్గర వేధింపులు మొదలయ్యాయి.

తర్వాత 1876-78 కరువు. క్లౌ బకింగ్‌హామ్ కాలువలో సుమారు మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకి కూలి ఇప్పించాడు. ఆ పని జరిగినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశాడు, కూటి కోసం మతం మారారన్న మాట రాకూడదని. కరువు తగ్గాక, 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మందికి ఇచ్చారు. అంత జాగ్రత్త పడినా ఆ మాట ఆగలేదు. నా చిన్నప్పుడు నేనూ విన్నాను, 'గోధుమ రవ్వ కిరస్తానీలు' అని. అంటే మా పండగ వ్యాపారం అయిపోయిందని ఇప్పుడు బాధపడేవాళ్లకి, మా భక్తినే నూట నలభై ఏళ్లుగా వ్యాపారం అంటున్నారని గుర్తు చేయాలి.

ఇంకో తమాషా చెప్పాలి. ఈ మిషనరీలను పంపిన సంస్థ కేంద్రం బోస్టన్. ఆ బోస్టన్ ఉన్న మసాచుసెట్స్‌లో 1659లో క్రిస్మస్ చేసుకుంటే ఐదు షిల్లింగుల జరిమానా పెట్టారు. ఈ తేదీ బైబిల్లో లేదు, ఇది రోము వాళ్ల అలవాటు అని అక్కడి ప్యూరిటన్ (కఠిన నియమాల ప్రొటెస్టెంటు) పెద్దల వాదన. ఆ చట్టం 1681 దాకా ఉంది. ఆ రాష్ట్రంలో క్రిస్మస్ సెలవు రోజైంది 1856లో. ఆ వాదనలో తప్పేమీ లేదు కూడా. డిసెంబర్ 25న పండగ చేసుకున్నట్టు మనకి దొరికే తొలి ఆధారం రోములో 336 నాటిది, సువార్తల్లో తేదీ లేదు. మన దగ్గరా ఈ కారణంతోనే క్రిస్మస్ చేయని సంఘాలున్నాయి. వాళ్ల ఇళ్ల పిల్లలు ఆ రాత్రి పక్కింటి స్టారు కింద నిలబడి చూస్తుంటారు. అంత పొడి మతం నుంచి వచ్చిన విత్తనం మా పల్లెల్లో ఇంత పెద్ద పండగ చెట్టు అయిందంటే, ఆ నీళ్లు బోస్టన్‌వి కావు. జాతరలో తప్పెట వదిలేసిన వాళ్లకి తమకంటూ ఒక జాతర కావాల్సి వచ్చింది. వదిలేసిన తప్పెట కూడా కేరల్స్‌కి తిరిగొచ్చింది. ఈసారి ఎవరి ఇంటి ముందు కొట్టాలో వాళ్లే తేల్చుకున్నారు.

కేరల్స్ గురించి కాస్త చెబుతాను, టీవీల్లో కనిపించే క్రిస్మస్‌లో అది ఉండదు కాబట్టి. రాత్రి తొమ్మిదికి మందిరం దగ్గర ప్రార్థన చేసి బయల్దేరతారు. ముందు ఆటోలో జనరేటరు, కీబోర్డు. వెనక డోలకు, గిలకలు, తప్పెట. పత్తి గడ్డం పెట్టుకున్న క్రిస్మస్ తాత ఒకడు, అంత చలిలోనూ మాస్కు లోపల చెమటలు కక్కుతూ. మా వైపు అది తుఫానుల కాలం, సగం ఏళ్లు జల్లులోనే తిరుగుతారు. ప్రతి ఇంటి ముందూ ఒక పాట, ఒక ప్రార్థన, టీయో అరటిపండో, ఓ కవరులో కానుక. ఆ ఏడు మనిషి పోయిన ఇంటి ముందు డాన్సు ఉండదు, అయ్యగారు ఎక్కువసేపు ప్రార్థన చేస్తారు. ఎవరూ చెప్పకుండానే కుర్రాళ్లు తప్పెట పక్కన పెడతారు. పాత కీర్తన ఒకటి ఎత్తుకుంటారు. మా పాటల పుస్తకంలో ప్రతి కీర్తన నెత్తిన రాగం పేరు, తాళం పేరు ఉంటాయి. ఆ రాగం పేరు తెలియని ముసలమ్మలు కూడా దాన్ని తప్పకుండా పాడతారు.

ఆఖరి ఇంటికి వచ్చేసరికి తెల్లవారుజాము నాలుగు. ధనుర్మాసం కదా, అప్పటికి గుళ్లో మైకు మొదలవుతుంది, తిరుప్పావై. మాల వేసుకున్న అయ్యప్ప స్వాములు చన్నీళ్ల స్నానం చేసి వణుకుతూ వస్తుంటారు. బస్టాండు దగ్గర అంత పొద్దున తీసే టీ కొట్టు ఒక్కటే. గొంతు పోయిన కేరల్స్ బృందం, స్వాములు, గుడి మైకు పెట్టొచ్చిన పూజారి కొడుకు అక్కడే కలుస్తారు. సర్వమత సమానత్వం మీద నేను విన్న ఏ ఉపన్యాసం కన్నా ఆ కొట్టు దగ్గర 'మాకు ముందు పొయ్యి అన్నా' అనే తొందరే నాకు నచ్చుతుంది.

బట్టల సంగతి చెప్పకుండా పల్లె క్రిస్మస్ పూర్తి కాదు. పొగాకు డబ్బు వేలం మొదలైతే గానీ రాదు, అది ఫిబ్రవరి, మార్చి మాట. నెల్లూరు వైపు వరి అప్పటికి నాట్లలో ఉంటుంది. అంటే డిసెంబర్‌లో కూలి ఇంట్లో డబ్బుండే అవకాశమే లేదు. అయినా పిల్లలకి కొత్త బట్టలు తప్పవు. మేస్త్రీ దగ్గర అడ్వాన్సు, వడ్డీ అప్పు, కొట్లో ఖాతా. మా నాన్న ఒక ఏడాది క్రిస్మస్ ప్యాంటు బాకీ మరుసటి జూన్‌లో తీర్చాడు. వినియోగ సంస్కృతి పండగని తినేసిందని రాసేవాళ్లు ఈ ప్యాంటుని ఏ ఖాతాలో వేస్తారు? ఊరి వాళ్లు వాడి వదిలేసిన చొక్కాలు ఏడాదంతా తొడుక్కునే పిల్లాడికి, తన కొలతకి కుట్టిన బట్ట ఒక రోజు దొరకడం ఆడంబరం కాదు.

ప్రభుత్వం సంగతి రెండు మాటల్లో. మన సెక్యులరిజం పండగలకి దూరంగా ఉండేది కాదు, అన్ని పండగలకీ వెళ్లి భోంచేసేది. రాష్ట్ర విభజన తర్వాత 'చంద్రన్న క్రిస్మస్ కానుక' అని రేషన్ షాపుల్లో సంచి ఇచ్చారు. అందులో బెల్లం, శనగపప్పు, నెయ్యి, గోధుమపిండి. పేరు క్రిస్మస్‌ది, సరుకు సంక్రాంతిది. నాకైతే అందులో తప్పేం కనిపించలేదు, ఎందుకంటే మా ఇళ్లలో క్రిస్మస్‌కి చేసేది అరిసెలు, కజ్జికాయలే. కేకు తర్వాత వచ్చింది. ఎవరు ముఖ్యమంత్రి అయినా తేనీటి విందు మాత్రం ఉంటుంది, పాస్టర్లు ముందు వరసలో కూర్చుంటారు, ఫ్లెక్సీలో స్టారు కంటే నాయకుడి మొహం పెద్దదిగా ఉంటుంది.

అయితే ఇవన్నీ కలిసి క్రిస్మస్‌ని 'అందరి పండగ' చేశాయా? చేశాయని మా అసోసియేషన్ ప్రెసిడెంటు సెమీ క్రిస్మస్ రోజు మైకులో చెప్పారు. నాకు అనుమానం ఉంది. నెల్లూరు రొట్టెల పండగ చూసినవాళ్లకి ఆ అనుమానం తేలిగ్గా అర్థమవుతుంది.

మొహర్రం రోజుల్లో స్వర్ణాల చెరువులో, బారాషహీద్ దర్గా దగ్గర, జనం మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి రొట్టెలు మార్చుకుంటారు. ఉద్యోగం రొట్టె, పెళ్లి రొట్టె, సంతానం రొట్టె, ఆరోగ్యం రొట్టె. కోరిక తీరినవాళ్లు ఇంట్లో కాల్చి తెచ్చి ఇస్తారు, కోరిక ఉన్నవాళ్లు తీసుకుని అక్కడే తింటారు. తమది తీరితే మళ్లీ తామే తెచ్చి ఇవ్వాలి. ముస్లింల దర్గా, వచ్చేవాళ్లలో లెక్కలేనంతమంది హిందువులు. ప్రభుత్వం దాన్ని రాష్ట్ర పండుగ చేసింది, చుట్టూ బొమ్మల కొట్లు, బజ్జీల బళ్లు, పార్టీల తోరణాలు అన్నీ ఉంటాయి. వ్యాపారానికి తక్కువేం లేదు. అయినా దాని అర్థం పోయిందని ఎవరూ వ్యాసాలు రాయరు. ఎందుకంటే ఆ నీళ్లలో ముక్కూ మొహం తెలియని మనిషి, ఏ ఇంట్లోనో, ఏ చేత్తోనో కాల్చిన రొట్టె మన చేతికి వస్తుంది, మనం తింటాం. ఎవరి చెయ్యో అడగం.

కేకు దగ్గర కూడా అడగం. కానీ కారణం వేరు. బేకరీలో చెయ్యి కనిపించదు. అట్టపెట్టె, రిబ్బను, పైన పేరు. బేకరీ కేకుకి కులం లేదు. అందుకే అది ఐదు అంతస్తులూ ఎక్కగలిగింది. ఆ మేరకు వ్యాపారం మంచిపనే చేసింది, నేను కాదనను. ఇంటింటికీ పోలేని పండగని కనీసం పెట్టెలో పెట్టి పంపింది.

పోయినేడు క్రిస్మస్ రోజు మా అమ్మ అరిసెలు చేసింది. ఊళ్లో దంచినట్టే తడి బియ్యం దంచి, పాకం చూసుకుని. మాంసం అంటే మొహమాటపడతారని అది పక్కన పెట్టి, స్టీలు డబ్బాల్లో అరిసెలే నాలుగు ఇళ్లకి పంపింది. నాలుగు ఇళ్లవాళ్లూ నవ్వుతూ తీసుకున్నారు, హ్యాపీ క్రిస్మస్ ఆంటీ అన్నారు, డబ్బాలు కడిగి ఇచ్చారు. మధ్యాహ్నం నేను కిందికి దిగితే వాచ్‌మన్ పిల్లలు మెట్ల మీద కూర్చుని అరిసెలు తింటున్నారు. ఒక ప్లాస్టిక్ కవరు నిండా ఉన్నాయి. మా అమ్మ చేత్తో అద్దిన నువ్వులు నేను గుర్తుపట్టగలను.

పది రోజుల ముందు సెమీ క్రిస్మస్‌లో ఆ నాలుగు ఇళ్లవాళ్లే మా పక్కన నిలబడి కేకు తిన్నారు. ఒకావిడ రెండో ముక్క కూడా అడిగింది. పైగా వాళ్లెవరూ చెడ్డవాళ్లు కారు, మా అమ్మకి జ్వరం వస్తే ఆసుపత్రికి తీసుకెళ్లిందీ వాళ్లే. షుగర్ ఉందేమో, నూనె పడదేమో అని నాకు నేను చెప్పుకుని చూశాను. నాలుగు ఇళ్లకీ ఒకేసారి షుగర్ ఉండదు కదా.

అమ్మకి చెప్పకూడదనుకున్నాను. కానీ అప్పటికే పైనుంచి చూసిందట. 'పోనీలేరా, పిల్లలు తిన్నారు గదా' అంది. అంతకుమించి ఆ సంగతి ఎత్తలేదు.

ఈ ఏడు సెమీ క్రిస్మస్ అయిన మర్నాడు సామాన్ల లిస్టు రాయిస్తూ అమ్మ అంది: 'బేకరీలో ఒక నాలుగు పెట్టెలు చెప్పు, కిందా పైనా ఇళ్లకి. అదయితే తింటారు.' నేను పెన్ను ఆపి చూశాను. 'రాయి రా. దాని కింద బెల్లం రెండు కిలోలు రాయి. అరిసెలు ఊరికి పట్టుకుపోదాం.'